బస్సుల నోరు మూయించిన సైరూసి

మా దీవిలోని లంబాసా బస్టాండులో సైరూసికీ మెరెయానీ సిస్టరుకీ జరిగిన గొడవను చూసినవాళ్ళు ఇప్పటికీ తలుచుకుని నవ్వుతారు. అది మా రొట్టెల కొట్టు ముందే జరిగింది. అట్లకాడ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను, పెనం మీద రొట్టె మాడిపోయింది. నా చేతిలో రొట్టె మాడటమే ఊరికి ఆ గొడవకన్నా పెద్ద వింత.

సిస్టరు ఆసుపత్రిలో అంబులెన్సు వెంట తిరిగే నర్సు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, నవ్వును పండగలకి దాచుకునే రకం. ఆ పొద్దున డ్రైవరు ధర్మేన్ బస్సు దిగీ దిగగానే వెనక్కి తిరిగి అదే బస్సులోకి తల పెట్టింది. లోపల సైరూసి వెనక సీటు కింద దూరి వదులైన పాటల బాక్సు బిగిస్తున్నాడు. సగం మనిషి సీటు కింద, సగం మనిషి బయట.

"బయటున్న సగంతోనే మాట్లాడుతున్నాను, విను" అంది సిస్టరు. "నీ బాక్సుల మూలంగా మా సైరను ఒక్కడికీ వినపడట్లేదు. నిన్న చక్కెర మిల్లు దాకా ఒక బస్సు వెనక పాకుతూ వచ్చాం. బండిలో నొప్పులు పడుతున్న మనిషి. నువ్వు ఊరంతటికీ చెవుడు తెప్పిస్తున్నావు."

సైరూసి మెల్లగా బయటికి వచ్చాడు. నడుముకి సూలు, అదే, ఈ దీవి మూలవాసులు కట్టుకునే లుంగీ. చెవి మీద ఎర్ర మందారం. పొట్ట దుమ్ము కొట్టుకుని ఉంది.

"సిస్టరమ్మా, రెండు కోళ్ళు కూశాయనుకోండి. ఒకటి గట్టిగా కూసింది. గట్టిగా కూసినదాని పీక కోస్తారా, మెల్లగా కూసినదానికి మేత వేస్తారా?"

"నేను కోడినా?"

"మీరెందుకవుతారు? మీ సైరను కోడి. పాపం బక్కకోడి. నా దగ్గరికి తోలుకురండి, మేత వేసి పంపుతాను."

అప్పటికే జనం పోగయ్యారు. వంకాయలమ్మే ఆడవాళ్ళు బుట్టలు వదిలేసి వచ్చారు. సిస్టరు ముఖం కందిపోయింది.

"నవ్వులాటకి రాలేదు నేను. బస్సుల్లో పాటలు ఆపించమని టౌను కౌన్సిలుకి చెప్తాను."

"చెప్పండి. తప్పకుండా చెప్పండి. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి" అన్నాడు సైరూసి, తేనె పూసిన గొంతుతో. "ధర్మేన్ బస్సుకంటే ముందు మీ ఊరి మీదుగా ఇంకో బస్సు వచ్చింది కదా. ఖాళీగా వచ్చింది. పాట లేదు, గీట లేదు, కావలసినన్ని సీట్లు. దాన్ని వదిలేసి ఇందులో నిలబడి వేలాడుతూ వచ్చారే, ఎందుకని?"

సిస్టరు కింద పెట్టిన సంచీ అందుకుంది.

బస్టాండు గొల్లుమంది. వంకాయల ఆడవాళ్ళు ఒకళ్ళ తొడ మీద ఒకళ్ళు చరుచుకున్నారు. సిస్టరు సంచీ భుజాన వేసుకుని గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. వెళ్తుంటే ఆమె అడుగులు పాట తాళానికే పడ్డాయని ధర్మేన్ తర్వాత ఊరంతా చెప్పాడు. అది అబద్ధం. ఆమె కాళ్ళు కోపానికే పడ్డాయి, నా కళ్ళతో చూశాను.

గెలిచిన మొనగాడు తిన్నగా నా కొట్టుకి వచ్చాడు.

"చూశావా బూబూ?"

బూబూ అంటే వాళ్ళ మాటలో అవ్వ. వాడు ఏ లెక్కన మనవడయ్యాడో నాకు తెలియదు. ఒకరోజు రొట్టె తిని, చెయ్యి కడుక్కుని, బూబూ అన్నాడు. అప్పటి నుంచీ అంతే.

"చూశాను. నీ నోరు కూడా ఒక బాక్సే. దానికి మూత పెట్టించుకో" అన్నాను.

వాడికి తిట్టు కూడా రొట్టెలాంటిదే, వేడిగా ఉంటే చాలు.

సైరూసి పని బస్సులకు పాటల బాక్సులు బిగించడం. మా ఊళ్ళో బస్సుల కిటికీలకు అద్దాలుండవు, గాలి ఎలా వస్తుందో పాట అలా బయటికి పోతుంది. స్కూలు పిల్లలు పాటను బట్టి బస్సెక్కుతారు. పెద్దవాళ్ళు పిల్లల్ని తిట్టి, తామూ అదే బస్సెక్కుతారు. అందుకని డ్రైవర్లకి టైరు అరిగినా దిగులుండదు గానీ బాక్సు బొంగురుపోతే అన్నం దిగదు. బాక్సు బిగించాక సైరూసి నా కొట్టులోకి వచ్చి పప్పు గిన్నె ముందు కూర్చునేవాడు. అవతల ధర్మేన్ పాట పెట్టేవాడు. పప్పు మీద అల లేస్తే బాక్సు బాగున్నట్టు. లేవకపోతే మళ్ళీ వెళ్ళి సీటు కింద దూరేవాడు.

"నా పప్పు నీకు దండోరానా?" అనేదాన్ని.

"నీ పప్పు అబద్ధం చెప్పదు బూబూ" అనేవాడు.

అంత మోతలోనూ బస్టాండులో వినపడే గొంతు ఇంకొకటుంది. అది నాది. బస్సు పొగ రొట్టెల మీదికి వచ్చిందంటే నేను ఒక్క కేక వేస్తాను. పాట ఎంత పెద్దదైనా, డ్రైవరు ఎంత మొండివాడైనా, బస్సు అంగుళం అంగుళం వెనక్కి పోవలసిందే. ఇది చూసి ఒకసారి సైరూసి చిన్న యంత్రం పట్టుకొచ్చాడు. నా తిట్లు అందులోకి ఎక్కించి, పాటకీ పాటకీ మధ్య పెడతాడట, జనం పడి పడి నవ్వుతారట. అంట్లు కడిగిన నీళ్ళు వాడి నెత్తిన పోశాను. నా గొంతు ఉన్నది నా నోట్లో ఉండటానికి, పదిమందికి ఆటబొమ్మ కావడానికి కాదు. మళ్ళీ ఆ ఊసెత్తితే కొట్టు గడప తొక్కనివ్వనన్నాను. వాడు తడి సూలు పిండుకుంటూ నవ్వి వెళ్ళిపోయాడు. తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

వాణ్ణి పెంచింది కన్నతల్లి కాదు, మేనత్త లైసా. నేయ్, అంటే అత్తా, అని పిలిచేవాడు. వాళ్ళ కోరో, అంటే ఊరు, వునిమోలి అవతల ఏటి ఒడ్డున. లైసా ఆ ఊరి చర్చిలో పాటల బృందాన్ని నడిపేది. సన్నటి మనిషి, గొంతు మాత్రం కొబ్బరి నూనెలా చిక్కన. మగవాళ్ళు పాట తప్పితే మాట అనేది కాదు, "ఊఁ" అని ఒక్క మూలుగు మూలిగేది. బృందమంతా గతుక్కుమని ఆగిపోయేది. చిన్నప్పుడు సైరూసి బల్ల కింద పడుకుని నేలకి చెవి ఆనించి వినేవాడట. లావుపాటి గొంతులు చెక్క నేలలోంచి ఎముకల్లోకి వస్తాయట. పెద్దయ్యాక అదే మోతని బస్సుల్లో పెట్టాడు. ప్రతి శనివారం వాళ్ళ నేయ్‌కి నా దగ్గర రొట్టెలు కట్టించుకుని వెళ్ళేవాడు. బంగాళాదుంప కూర వేరే పొట్లం, కారం తక్కువ.

లైసా ఒక శనివారం పాట సాధన మధ్యలో పడిపోయింది. నోరు ఒక పక్కకి వంకరపోయింది, కుడి చెయ్యి వేలాడిపోయింది. అంబులెన్సు తొందరగానే వచ్చింది. వచ్చింది మెరెయానీ సిస్టరే. సైరూసి లోపల అత్త పక్కన కూర్చున్నాడు. మిల్లు దాకా బాగానే వచ్చారు. చెరకు కోతల రోజులవి. మిల్లు ముందు ఒక పక్కన చెరకు లారీలు బారులు తీరి ఉంటాయి, మిగిలిన దారిలో ఒక్క బండే పడుతుంది. ఆ దారిలో అంబులెన్సు ముందు ఒక బస్సు. సైరను మోగుతోంది. బస్సు నింపాదిగా పోతోంది.

సిస్టరు నాకు చెప్పింది, తర్వాత చాలా రోజులకి. "కింద నుంచి ఒక దెబ్బ వస్తోందమ్మా. ధబ్, ధబ్ అని, స్ట్రెచరు వణికేలా. అతను నేల మీద చెయ్యి పెట్టి చూశాడు. ముఖం తెల్లబోయింది. ఇది నా బాక్సే సిస్టరమ్మా, మొన్న నేనే బిగించాను, అన్నాడు."

అది ధర్మేన్ బస్సు.

సైరూసి అంబులెన్సు దిగి పరిగెత్తాడు. అంత లావు మనిషి, సూలు ఎగ్గట్టి, బస్సు పక్కనే పరిగెడుతూ చేతులూపాడు, రేకు మీద బాదాడు. ధర్మేన్ అద్దంలో చూశాడు. ఇక్కడిది ధర్మేన్ నోటితోనే చెప్పాలి. మా కొట్టులో కూర్చుని, టీ ముట్టకుండా, ముక్కు చీదుకుంటూ చెప్పాడు.

"సైరూసి చేతులు పైకెత్తి ఊపుతున్నాడమ్మా. కొత్త బాక్సు కదా, ఇంకా పెంచరా, ఎలా ఉందో వింటాను, అంటున్నాడనుకున్నాను. నవ్వి, పెంచాను."

పెంచాడట! ఊళ్ళో ఏ డ్రైవరైనా పెంచేవాడే. సైరూసి చేతులూపితే అర్థం అదొక్కటే.

చివరికి సైరూసి బస్సుకి ఎదురుగా వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాడు. అప్పుడు ఆగింది. ధర్మేన్ తల బయటపెట్టి, "ఎలా ఉంది తవాలే?" అని అడిగాడు. తవాలే అంటే బావ వరస, హాస్యమాడే చుట్టరికం. సైరూసి వేలు పెట్టి వెనక్కి చూపించాడు.

లైసా బతికింది. కుడి చెయ్యీ మాటా పోయాయి. "ఇయో" అన్న మాట ఒక్కటి మిగిలింది. అవును అని దానర్థం. ఆకలేస్తోందా అంటే ఇయో, వద్దా అంటే ఇయో. పాట లేదు. ఇలాంటిది ఇంకోసారి రావచ్చునని, వస్తే మాత్రం దారిలో ఆలస్యం పనికిరాదని డాక్టరు చెప్పాడు. ఆ మాట సైరూసి లోపల దిగబడిపోయింది. చెవి మీద మందారం మాయమైంది. పప్పు గిన్నె ముందుకి రావడం మానేశాడు. బాక్సులు బొంగురుపోయిన డ్రైవర్లు వచ్చి నన్ను అడిగేవారు, నేనేదో వాణ్ణి ట్రంకు పెట్టెలో దాచినట్టు.

ధర్మేన్ సైరూసివాళ్ళ ఆచారం ప్రకారమే యంగోనా, అంటే దంచి నీళ్ళలో కలుపుకుని తాగే చెట్టు వేళ్ళు, ఒక కట్ట పట్టుకుని క్షమాపణకి కోరోకి వెళ్ళాడు. చాప అంచున కూర్చుని తల వంచాడు. సైరూసి కట్ట అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడట. "పెంచింది నువ్వు. పెరిగేలా చేసింది నేను. ఈ కట్ట వెళ్ళవలసిన చోటు వేరే ఉంది" అన్నాడట.

ఆ చోటు ఏదో నేను కళ్ళారా చూశాను. లైసాకి గంజి తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. ఆవరణలో చెట్టు కింద సైరూసి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, ముందు యంగోనా కట్ట. ఎదురుగా మెరెయానీ సిస్టరు నిలబడి ఉంది. రోగులు కిటికీల్లోంచి చూస్తున్నారు.

"లే. నేను డ్యూటీలో ఉన్నాను" అంది సిస్టరు.

"మీరు ముట్టుకుంటేనే లేస్తాను."

"అందరూ చూస్తున్నారు."

"ఆ రోజూ అందరూ చూశారు. ఇవాళా చూడనివ్వండి."

సిస్టరు అటూ ఇటూ చూసింది. వంగి, కట్ట మీద చెయ్యి వేసింది, ముట్టుకుంటే క్షమించినట్టు. సైరూసి అరచేతులు గుంటగా చేసి మెల్లగా చప్పట్లు కొట్టాడు, వాళ్ళ మర్యాద అది.

"ముట్టుకున్నాను" అంది సిస్టరు. "ఇప్పుడు చెప్పు. బక్కకోడికి ఏం మేత వేస్తావు?"

అలా అడిగాక సిస్టరంటే నాకు గౌరవం కలిగింది. అంతకుముందు లేదని కాదు, కొంచెం తక్కువ.

సైరూసి మళ్ళీ నా కొట్టుకి వచ్చాడు. పిండి ముద్దలు రెండు తీసుకుని బల్ల మీద పెట్టి నాకు పాఠం చెప్పాడు.

"ఇది అంబులెన్సు. ఇందులో చిన్న పెట్టె. పెద్దిళ్ళవాళ్ళు కారులో కూర్చునే గేటు తెరుస్తారు చూడు, అలాంటి మీటే, కాస్త బలమైనది. సైరను వేస్తే అదీ మొదలవుతుంది. ఇది బస్సు. ఇందులో ఇంకో పెట్టె, పాటల బాక్సు తీగకి కట్టి ఉంటుంది. అంబులెన్సు దగ్గరికొచ్చిందా, టిక్ అని మీట పడుతుంది, పాట ఆగిపోతుంది. దాటిపోయిందా, మళ్ళీ టిక్. పాట మళ్ళీ వస్తుంది."

"అంతేనా?"

"అంతే."

"దీనికేనా నెలరోజులు గడ్డం పెంచావు? ముందు నా పిండి కిందపెట్టు."

బస్సులో పెట్టే సరుకు ఖాళీ చేపల డబ్బాల్లో అమర్చాడు. మొదటి డబ్బా సరిగ్గా కడగలేదు, ధర్మేన్ బస్సు ఎక్కడ ఆగితే అక్కడ పిల్లులు ఎక్కేవి. ధర్మేన్ పెట్టించుకున్నాడు గానీ మిగిలినవాళ్ళు ఒప్పుకోలేదు. సియాంగాంగా వైపు బస్సు నడిపే ఖలీల్ అందరికీ పెద్దరికం వహించాడు.

"నా బస్సు మూగబోతే పిల్లలు ధర్మేన్ బస్సెక్కుతారు."

"నాదీ మూగబోతుంది కదరా" అన్నాడు ధర్మేన్.

"ముందు నీది మూగబోనీ. కొన్నాళ్ళు చూసి చెప్తాను."

సైరూసి రొట్టె నమిలి మింగాడు. "సరే. డబ్బా వద్దన్న బస్సు బాక్సు నేనిక ముట్టను. తీగ తెగితే కొబ్బరి పీచుతో కట్టుకోండి. అదీ కుదరకపోతే ఓడెక్కి సువా వెళ్ళి బాగుచేయించుకోండి."

ఖలీల్ నా వైపు చూశాడు, నేనేదో అడ్డుపడతానని. నేను రొట్టె తిరగేశాను. ఆ వారంలోనే బస్సులన్నిటికీ సీటు కింద చేపల డబ్బాలు వచ్చాయి. అంబులెన్సులో పెట్టెకి సిస్టరే డాక్టర్లతో మాట్లాడి ఒప్పించింది.

తొలి పరీక్ష కొబ్బరి చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న మనిషి పుణ్యాన జరిగింది. మధ్యాహ్నం పూట అంబులెన్సు బ్రిడ్జి దాటి వస్తోంది. బస్టాండు నుంచి మూడు బస్సులు ఒకదాని వెనక ఒకటి బ్రిడ్జి మీదికి మళ్ళుతున్నాయి, ముందు ధర్మేన్‌ది. సైరూసి నా కొట్టు ముందు నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. సైరను వినపడింది. టిక్. మూడు బస్సుల్లోనూ పాట ఒక్కసారి చచ్చిపోయింది. అంత నిశ్శబ్దం ఆ బస్టాండులో నేను పుట్టాక వినలేదు. ఏట్లో నీళ్ళ చప్పుడు వినపడింది.

"బూబూ! పనిచేసింది!" అని సైరూసి ఎగిరాడు.

ధర్మేన్ బ్రేకు వేశాడు. బ్రిడ్జి మొదట్లో, దారికి అడ్డంగా. దిగాడు. వెనక సీటు దగ్గరికి వెళ్ళి బాక్సు మీద రెండు గుద్దులు గుద్దాడు. వెనక బస్సులో ఖలీల్ కూడా ఆపి దిగాడు. మూడోవాడూ దిగాడు.

"నా ఫ్యూజు పోయింది" అన్నాడు ధర్మేన్.

"నాదీ పోయింది. నీ ఫ్యూజు పోతే నాదెందుకు పోవాలి?" అన్నాడు ఖలీల్.

"వెనకొచ్చి గుద్దావేమో!"

"పాట పోయిందన్నా, బండి ఎలా నడుపుతాం?" అన్నాడు మూడోవాడు.

ఆ మాట అన్నందుకు వాణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. మా ఊళ్ళో పాట ఆగిన బస్సంటే చెడిపోయిన బస్సు. జనం దిగి వేరే బస్సు చూసుకుంటారు. డ్రైవరు దిగి బాక్సు తన్నుతాడు. తరతరాల అలవాటది, చేపల డబ్బా గురించి వాళ్ళకి చెప్పి ఉండొచ్చు గాక, నిశ్శబ్దం వినగానే చెప్పిందంతా ఎగిరిపోయింది.

బ్రిడ్జి మధ్యలో అంబులెన్సు ఆగిపోయింది. తలుపు తెరుచుకుని సిస్టరు దిగి నడిచి వచ్చింది. సైరూసి ముందు నిలబడి, "ఇదివరకు మేం వస్తున్నట్టు తెలియక కదిలేవాళ్ళు కాదు. ఇప్పుడు మేం వస్తున్నామని ఆగి ఎదురుచూస్తున్నారు" అంది.

మూడు బస్సులూ ఇంజన్లు ఆపలేదు. పొగంతా నా రొట్టెల మీద. ఇక ఊరుకోలేదు నేను. కొంగు నడుములో దోపుకుని, అట్లకాడతో రోడ్డు మీదికి వచ్చాను.

"ఒరే ధర్మేనూ! నీ డొక్కు బండిని తీస్తావా, ఏట్లోకి తొయ్యమంటావా? ఎడమకి తియ్యరా ఎదవా, ఎడమకి! ఖలీలూ, నీకు వేరే తాంబూలం ఇవ్వాలేటి? నా రొట్టెలకి నీ పొగే కూరా? తియ్యండ్రా!"

ఎక్కడివాళ్ళక్కడ బస్సులెక్కారు. మూడు బస్సులూ ఎడమకి ఒరిగి మేకపిల్లల్లా నిలబడ్డాయి. అంబులెన్సు మధ్యలోంచి పోయింది, కాలు విరిగినాయన కిటికీలోంచి నాకు చెయ్యి ఊపాడు. నేను అంబులెన్సు కోసం అరవలేదు. రొట్టెల కోసం అరిచాను. సైరూసి మాత్రం నన్ను అదోలా చూశాడు. అప్పుడే టీ అడుగుతాడేమోననుకున్నాను. అడగకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత డబ్బాలో మాట పెట్టాడు. పాట ఆగగానే ఒక గొంతు దారి ఇమ్మని చెప్పాలి. మొదట తన గొంతే పెట్టాడు. "దయచేసి ఎడమకి తప్పుకోండి, వెనక అంబులెన్సు వస్తోంది." అది వినగానే బస్సంతా పకపకా నవ్వింది. సైరూసి నోటి వెంట ఏది వచ్చినా హాస్యమే అనుకుంటారు, పైగా తర్వాత ఏం చెప్తాడోనని డ్రైవరు బస్సు నెమ్మది చేశాడు. తర్వాత సిస్టరు గొంతు పెట్టాడు. ఎక్కినవాళ్ళు అది రేడియోలో చక్కెర జబ్బు మాటలనుకున్నారు. ఒక ముసలాయన చేతిలో ఉన్న తీపి రొట్టె దాచేశాడట. ఎవరూ ఎడమకి జరగలేదు. సైరను చప్పుడే లోపల పెట్టొచ్చు కదా అన్నాను నేను. "సగం పాటల్లో సైరను మోత ఉంటుంది బూబూ. అది వింటే లేచి గంతులేస్తారు" అన్నాడు. నవ్వబోయి నవ్వలేకపోయాడు. ముందటి రోజు లైసా మెట్టు దగ్గర తూలిందట. ఏమీ కాలేదు గానీ, ఇల్లంతా ఆ రాత్రి కళ్ళు మూయలేదట.

శనివారం వచ్చాడు. రొట్టెలకి వచ్చాడనుకుని రెండు పొట్లాలు కట్టబోయాను. వాడు కూర్చోలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు, గడప తొక్కకుండా.

"ఏటిరా, కొత్త కోడలిలా గుమ్మంలో నిలబడ్డావు?"

"నిన్న నేయ్ దగ్గర యంత్రం పెట్టాను బూబూ. బృందాన్ని ఆపేదే, ఆ మూలుగు ఒక్కటి వస్తుందేమోనని. నోరు తెరిచింది. ఇయో అంది. మళ్ళీ ఇయో అంది. తనకే నవ్వొచ్చింది. కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి. మరి ఎవరి గొంతు పెట్టను నేయ్, అని అడిగాను. నువ్వు బ్రిడ్జి దగ్గర అరిచిన సంగతి తనకి రోజూ చెప్తుంటాను, అదంటే బాగా నవ్వుతుంది."

"అయితే?"

సైరూసి ఎడమ చెయ్యి ఎత్తాడు. లేని కొంగుని పట్టుకుని నడుములో దోపుకున్నట్టు చేశాడు. లేని అట్లకాడని గాలిలో ఆడించాడు.

"ఇలా చేసింది" అన్నాడు. "ఎడమ చేత్తోనే. అచ్చం నువ్వే."

నేను పొట్లానికి దారం చుడుతున్నాను. ముడి పడలేదు. లైసా నా కొట్టుకి వచ్చింది రెండు మూడుసార్లకన్నా లేదు. ఎప్పుడు చూసిందో నన్ను అంత బాగా!

"ఒకసారి అడిగితే నెత్తిన నీళ్ళు పోశావు. గడప తొక్కనివ్వనన్నావు. అందుకే బయట నిలబడి అడుగుతున్నాను" అన్నాడు సైరూసి. సూలు మడతలోంచి ఆ చిన్న యంత్రం తీసి గడప మీద పెట్టాడు. కిందికి వంగి కూర్చున్నాడు, సిస్టరు ముందు కూర్చున్నట్టే. "నీళ్ళు పోస్తే పొయ్యి. తర్వాత మాత్రం కొంగు దోపుకో. వెనక బండిలో నేయ్ ఉందనుకో. ముందు ధర్మేన్ బస్సు అడ్డంగా ఉంది. పొగంతా నీ రొట్టెల మీదికే వస్తోంది. ఇందులోకి తిట్టు బూబూ. వాడు ఎడమకి తీసేదాకా తిట్టు."